వెంటనే దొరికే డాక్టరు ఒంటికి మంచిది కాదు

డాక్టరు వెంటనే దొరకడం ఆరోగ్యానికి హానికరం! సిగరెట్ పెట్టెల మీద భయంకరమైన బొమ్మలు వేసి హెచ్చరిస్తారే, అలాగే ప్రతి ఆసుపత్రి గేటు మీదా ఈ మాట పెద్దపెద్ద అక్షరాలతో రాయించాలని సంబంధిత అధికారులను సవినయంగా కోరుతున్నాను.

నవ్వకండి. సరదాకి అంటున్న మాట కాదిది. ఏడాది పొడుగునా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, నడుం పట్టేసేదాకా పరిశోధన చేసి మరీ చెబుతున్నాను.

నా చిన్నప్పుడు మా వీధి చివర ఒక డాక్టరు ఉండేవాడు. తలుపు తోసుకుని వెళ్తే లోపల ఉండేవాడు. ఎంత ప్రమాదకరమైన పరిస్థితో ఊహించుకోండి! నాలుక చాపమనేవాడు, చాపేవాళ్లం. మందు రాసిచ్చేవాడు, మింగేవాళ్లం. తగ్గిపోయేది. ఇందులో ఉత్కంఠ ఏది? మలుపులేవి? అలా తగ్గిపోయిన జ్వరం గురించి పక్కింటివాళ్లకి చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది?

ఇప్పుడలా కాదు. మా పెద్దాసుపత్రి కొత్త భవనం చూశారా? అద్దాలే అద్దాలు! గుమ్మంలో ఫౌంటెన్. దాని పైన ‘అందరికీ అందుబాటులో వైద్యం’ అని బోర్డు. ఆ బోర్డు చదివి లోపలికి వెళ్లి, ఏమీ అందలేదని గొడవ పెట్టుకునే అమాయకులు కొందరుంటారు. అందుబాటు అంటే ఏమిటండీ? చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉండటం. వైద్యం కచ్చితంగా అంతే దూరంలో ఉంది. మధ్యలో ఒక గాజు అద్దం ఉందంతే. మీకు చెయ్యి చాపడం చేతకాకపోతే ఆసుపత్రి ఏం చేస్తుంది?

పైగా ఆలస్యంలో ఉన్న వైద్యగుణం మీకు తెలియదు. జబ్బులకి కూడా ఆత్మాభిమానం ఉంటుంది. పట్టించుకునే నాథుడు లేకపోతే చాలా జబ్బులు చిన్నబుచ్చుకుని వాటంతట అవే వెళ్లిపోతాయి. మా ఎదురింటి లెక్కల మాస్టారికి దగ్గు వచ్చింది. అపాయింట్‌మెంట్ దొరికేసరికి దగ్గు పోయి నడుం నొప్పి వచ్చింది. దగ్గు డాక్టరు నడుం చూడకూడదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి బుక్ చేసుకోమన్నారు. ఆ తేదీ వచ్చేలోపు నడుం కూడా సర్దుకుంది. ఒక్క మాత్ర మింగకుండా రెండు జబ్బులు మాయం! పక్కింటి పిల్లాడికి పిల్లల డాక్టరు దగ్గర తేదీ దొరికేసరికి వాడికి మీసాలు మొలిచాయి. ఇక పిల్లల జబ్బులు వాడినేం చేస్తాయి?

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మా పిన్ని సంగతి వినండి.

మా పిన్ని టైలరు. మా వీధిలో సగం మంది ఒంటి మీద ఉన్నది ఆవిడ కుట్టిందే. మిషను తొక్కడం ఎవరైనా తొక్కుతారు గానీ, చేతి పనిలో ఆవిడ పెట్టింది పేరు. కాజాలు, హెమ్మింగు, కాలరు మడత, అన్నీ చేత్తోనే. పని చేస్తూ బట్ట వైపు చూడను కూడా చూడదు. మా బాబాయిని సాధిస్తూ, నన్ను తిడుతూ, టీవీలో సీరియల్ చూస్తూ కుట్టేస్తుంది. చూసుకోవాల్సిన పనంతా వేళ్లే చూసుకునేవి.

పోయిన స్కూలు యూనిఫాంల సీజన్లో ఆవిడ కుడిచేతి బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్లు తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. ఎక్కువ పని వల్ల అనుకున్నాం. తర్వాత కత్తెర జారి పడటం మొదలైంది. ఒకరోజు సూది వేల్లో దిగబడినా ఆవిడకి తెలియలేదు. తెల్ల చొక్కా మీద ఎర్రటి చుక్క కనబడ్డాక తెలిసింది.

ఇంకొకరైతే బెంబేలెత్తిపోయేవారు. నేను మాత్రం మనస్ఫూర్తిగా అభినందించాను. సూది గుచ్చుకున్నా నొప్పి తెలియని టైలర్లు లోకంలో ఎంతమంది ఉంటారు? ఎంత అదృష్టం!

“నోర్ముయ్ రా వెధవా!” అంది పిన్ని. “ఈ చెయ్యి పోతే నేనేం చేస్తూ బతకాలి? ఊరికే కూర్చుని మీ బాబాయి మొహం చూస్తూనా?”

బాబాయి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాట అని నవ్వేసింది గానీ పిన్నికి నిజంగానే భయం వేసింది. నవ్వుతూనే ఆ మూడు వేళ్లనీ రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

వీధి క్లినిక్‌లో ఉండే చిన్న డాక్టరు చెయ్యి అటూ ఇటూ వంచి చూశాడు. “మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టుందమ్మా. పెద్దాసుపత్రిలో చేతుల డాక్టరు ఉంటారు. తొందరగా చూపించుకోండి,” అన్నాడు. పాపం, కుర్రాడు. ‘తొందరగా’ అనే మాట ఇంకా వాడుకలో ఉందనుకుంటున్నాడు.

ఆ మర్నాడే ఆసుపత్రికి ఫోన్ చేశాం. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒక తీయని గొంతు పలికింది.

“అంత ముఖ్యమైతే ఎత్తరేం?” అంది పిన్ని.

ఆ తీయని గొంతుకి కోపం రాదు. ఎన్నిసార్లు విసుక్కున్నా అదే మాట, అదే మర్యాద! మన ఇళ్లల్లో ఇంత ఓపికగా మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉన్నారా? తర్వాత సంగీతం వచ్చేది. పిన్ని ఫోన్ స్పీకర్లో పెట్టి మిషను మీద ఉంచి, ఆ తాళానికి తగ్గట్టు తొక్కుకుంటూ పోయేది. ఇంటిల్లిపాదికీ ఆ ట్యూను కంఠతా వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పాట పాడని మా బాబాయి స్నానం చేస్తూ అదే ఈల వేస్తున్నాడు. వైద్యం సంగతి తర్వాత, ముందు మా ఇంటికి సంగీతం వచ్చింది!

కొన్నాళ్లకి ఆ సంగీతం మధ్యలో ఆపి, ఇకమీదట అన్నీ యాప్‌లోనే అన్నారు. యాప్ అంటే ఆసుపత్రి మన జేబులోకి వచ్చేసినట్టే కదా! తెల్లవారుజామున స్లాట్లు తెరుచుకుంటాయి. మనం ఆవులించేలోపు మూసుకుపోతాయి. దీనివల్ల మా ఇంట్లో అందరికీ వేకువనే లేచే అలవాటైంది. లేవడం, వేళ్లు పెట్టి సిద్ధంగా ఉండటం, టక్కున నొక్కడం. తిమ్మిరి వేళ్లతో పిన్ని నొక్కితే ఫోనుకి తెలిసేది కాదు. నేను నొక్కితే ‘మీరు మనిషేనా?’ అని అడిగేది. ట్రాఫిక్ లైట్లు ఉన్న బొమ్మలన్నీ గుర్తుపట్టి నేను మనిషినని నిరూపించుకునేసరికి స్లాట్లు అయిపోయేవి. బాబాయి నొక్కితే ఓటీపీ ఆయన పాత నంబరుకి పోయేది. ఆ నంబరు ఇప్పుడు ఎవరో కోళ్లఫారం ఆయన దగ్గర ఉంది. రోజూ తెల్లవారుజామున ఆయనకి ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లం. చాలా మంచాయన. ఇప్పుడు మాకు బంధువు కిందే లెక్క.

ఒకసారి నక్క తోక తొక్కినట్టు వీడియో కన్సల్టేషన్ దొరికింది. తెర మీద ఎవరో జూనియర్ డాక్టరమ్మ ప్రత్యక్షమైంది. పిన్ని మంచి బట్టలు కట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. అవతలివాళ్లకి కనబడింది మాత్రం పిన్ని నుదురు.

“చెయ్యి చూపించండమ్మా,” అంది డాక్టరమ్మ.

పిన్ని చెయ్యి చాపింది. బొమ్మ అక్కడే ఆగిపోయింది. చెయ్యి చాపి ఉన్న పిన్ని, నోరు తెరిచి ఉన్న డాక్టరమ్మ. చాలాసేపు అలాగే ఉన్నారు. చివరికి ‘మీ సంప్రదింపు విజయవంతంగా ముగిసింది, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని మెసేజ్ వచ్చింది. ముగిసిందని వాళ్లే చెబుతుంటే కాదనడానికి మనమెవరం? బాబాయి కళ్లజోడు లేకుండా నొక్కి ఐదు స్టార్లూ ఇచ్చేశాడు.

ఇక లాభం లేదని నేరుగా ఆసుపత్రికే వెళ్లాం. చేతుల విభాగం హాల్లో, గాజు అద్దం వెనకాల రిసెప్షనిస్టు అమ్మాయి ఉంది. అద్దానికి చిన్న కన్నం. నోరు పెట్టి మాట్లాడితే వాళ్ల మాట మనకి వినబడదు, చెవి పెట్టి వింటే మనం మాట్లాడటానికి ఉండదు. నేను నోరు, పిన్ని చెవి పెట్టాం. చూశారా, కుటుంబ ఐకమత్యం ఎలా పెరుగుతుందో!

“స్లాట్ లేకుండా కుదరదు ఆంటీ,” అంది ఆ అమ్మాయి. “కావాలంటే ఆ బెంచీ మీద కూర్చోండి. స్లాట్ ఉన్నవాళ్లు ఎవరైనా రాకపోతే పిలుస్తాం.”

అలా మేం రానివాళ్ల బెంచీ ఎక్కాం. లోకంలో ఇంత పవిత్రమైన బెంచీ మరొకటి లేదు. అక్కడ కూర్చున్నవాళ్లందరి కోరికా ఒక్కటే. ఎవరో ఒకరు రాకూడదు! లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా గుండెలు గుభేలుమనేవి. కట్టు కట్టుకున్న చేత్తో ఎవరైనా బయటికొస్తే, ‘అయ్యో, వచ్చేశాడే’ అని అందరం ఒక్కసారిగా నిట్టూర్చేవాళ్లం. తోటి మనిషి గురించి ఇంతగా ఆలోచించడం మనకి ఇంకెక్కడ అలవాటవుతుంది?

డాక్టరుగారు మాత్రం ఎప్పుడూ పనిలోనే ఉండేవారు. ఒకరోజు ఆపరేషన్లు. ఒకరోజు మీటింగు. ఇంకోరోజు ‘సామాన్యుడికి వైద్యం చేరువ కావడం ఎలా’ అన్న సదస్సులో ప్రసంగం. ఆ ప్రసంగం హాల్లోని టీవీలో లైవ్ వచ్చింది. డాక్టరుగారిని మేం మొదటిసారి చూసింది అప్పుడే. చాలా బాగా మాట్లాడారు. బెంచీ మీదున్న వాళ్లమంతా చప్పట్లు కొట్టాం. చేతులు బాగోని వాళ్లు కాళ్లతో నేల తట్టారు.

ఊరికే కూర్చోవడం పిన్నికి చేతకాదు. కుట్టు సంచీ వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టింది. రిసెప్షనిస్టు అమ్మాయి యూనిఫాం గుండీ ఊడితే కుట్టి పెట్టింది. అంతే! ఆ అమ్మాయి అద్దం వెనక నుంచి బయటికి వచ్చేసింది. మర్నాడు సెక్యూరిటీ అతను ప్యాంటు జిప్ పట్టుకొచ్చాడు. ఆ తర్వాత నర్సులు, వార్డు కర్టెన్లు, స్ట్రెచర్ మీద పరిచే దుప్పట్లు. హాల్లో అందరికీ ఆవిడ ‘పిన్నిగారు’ అయిపోయింది. పిన్నిగారిని కలవడానికి స్లాట్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. వచ్చి పక్కన కూర్చుంటే చాలు.

“ఈ చేత్తో ఇంత పని ఎందుకు పిన్నీ?” అని ఒకసారి అడిగాను.

“ఊరికే ఉంచితే, చెయ్యి ఉందో లేదో అని అనుమానం వస్తోందిరా,” అంది.

దానికి ఏదో చమత్కారంగా జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడ దారం పళ్లతో పట్టుకుని లాగుతోంది. కుట్టు వంకర పోతోంది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వంకర పోయింది. ఎప్పుడూ బట్ట వైపు చూడని మనిషి, కళ్లార్పకుండా దానివైపే చూస్తోంది. నన్ను తిట్టను కూడా లేదు. నాకు ఆ రోజు ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు.

కానీ ఒక కాలమిస్టు ఇలాంటి చిన్న చిన్న విషయాలకి అభిప్రాయం మార్చుకోకూడదు కదా! ముందుకు వెళ్దాం.

మళ్లీ స్కూలు యూనిఫాంల సీజన్ వచ్చింది. ఒక పొద్దున రిసెప్షనిస్టు అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది.

“పిన్నిగారూ, డాక్టరుగారి కోటు! చేతి అంచు మడత ఊడి వేలాడుతోందని చిరాకు పడుతున్నారు. కాస్త చూడరా?”

ఏడాది నుంచి మేం వేచి ఉన్న డాక్టరుగారి తెల్లకోటు మా ఒళ్లోకి వచ్చింది! మనిషి ఇంకా రాలేదు, నిజమే. కానీ విడతలవారీగా వస్తున్నారు కదా? ముందు కోటు వచ్చింది, వెనకాలే ఆయనా రాకపోతారా అని పిన్నికి ధైర్యం చెప్పాను. పిన్ని ఆ అంచుని శ్రద్ధగా మడిచి, హెమ్మింగు చేసి, దారం కొరికి పంపించింది.

ఎంతోసేపు కాలేదు. లోపలి తలుపు దభాలున తెరుచుకుంది. డాక్టరుగారు! అచ్చంగా ఆయనే! టీవీలో కంటే కొంచెం పొట్టి. ఎడమ చెయ్యి బాగానే ఉంది. కుడి చెయ్యి మాత్రం కోటు లోపలే ఉండిపోయింది. ఎంత తోసినా బయటికి రావడం లేదు. కోటు చెయ్యి చివర మూతి కట్టేసిన సంచీలా ఉంది.

“ఎవరు కుట్టారిది?” అని హాలంతా దద్దరిల్లేలా అరిచారు.

రానివాళ్ల బెంచీ మొత్తం లేచి నిలబడింది, గౌరవంతో.

“నేనే బాబూ,” అంది పిన్ని. దగ్గరికి వెళ్లి ఆ అంచు తిప్పి చూసి బిత్తరపోయింది. “అయ్యయ్యో! రెండు పొరలూ కలిపి కుట్టేశాను! ఏమనుకోకండి. కింద ఇంకో పొర ఉందని వేళ్లకి తెలియలేదు.”

“వేళ్లకి తెలియకపోవడం ఏమిటి?” అన్నారాయన, ఇంకా కోపంగానే.

పిన్ని కత్తెర తీసి కుట్టు విప్పబోయింది. కత్తెర జారి కింద పడింది. మళ్లీ తీసింది, మళ్లీ పడింది. ఇక నేనే వంగి తీసి, కుట్లు తెంపి ఆయన చేతికి విముక్తి కలిగించాను. అప్పటికి డాక్టరుగారి కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన చూపంతా పిన్ని చేతి మీదే ఉంది.

బయటికొచ్చిన చేత్తో ఆయన చేసిన మొదటి పని, పిన్ని చెయ్యి పట్టుకోవడం. బొటనవేలు మొదట్లో కండ వాడిపోయి గుంట పడింది. కుట్టు సంచీలోంచి గుండుసూది తీసుకున్నారు. “అటు చూడండమ్మా. తెలిసినప్పుడు చెప్పండి.”

పిన్ని గోడ వైపు తిరిగింది. ఆయన గుచ్చారు. ఇంకోచోట గుచ్చారు. మరోచోట గుచ్చారు.

“మొదలుపెట్టండి బాబూ, నేను సిద్ధంగానే ఉన్నాను,” అంది పిన్ని.

అయ్యా, అమ్మా, ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. కోటు పాడైన మనిషి టైలరుని కలవడానికి ఎంతసేపు పట్టింది? తలుపు తీసినంతసేపు! స్లాట్ బుక్ చేసుకున్నారా? లేదు. తను మనిషినని నిరూపించుకున్నారా? లేదు. కనీసం ‘రేపు రండి, పిన్నిగారు మీటింగులో ఉన్నారు’ అని ఎవరూ అనలేదు. కుట్టు రంగం ఎంత వెనకబడి ఉందో దీన్నిబట్టి మీకు అర్థమై ఉంటుంది.

ఆపరేషన్ ఆ వారంలోనే అయింది. దాని గురించి నాకు చాలా ఫిర్యాదులున్నాయి. నేను క్యాంటీన్‌కి వెళ్లి ఒక టీ తాగి వచ్చేసరికి అయిపోయింది! మణికట్టు దగ్గర చిన్న కోత, చిన్న కట్టు. ఏడాది ఎదురుచూసింది ఇంత చిన్న పనికా అని నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయి మాత్రం ఆనందం పట్టలేక కోళ్లఫారం ఆయనకి ఫోన్ చేసి, ఇక మీ నిద్ర పాడుచెయ్యం అని చెప్పాడు.

కట్టు విప్పాక చెయ్యి చూపించుకోవడానికి వెళ్లాం. ఈసారి పిలిచి మరీ లోపలికి పంపారు. నేను ఈ వ్యాసానికి ముగింపు మనసులో సిద్ధం చేసుకునే వెళ్లాను. ఆలస్యం వల్ల ఓర్పు, సంగీతం, బంధువులు, వేకువనే లేచే అలవాటు అన్నీ లభించాయి, చివరికి చెయ్యి కూడా దక్కింది, కాబట్టి ఆలస్యమే అమృతం అని.

డాక్టరుగారు మంచి మనిషి. పిన్ని చేతిని జాగ్రత్తగా పట్టుకుని ఒక్కో వేలినీ పరీక్షించారు. చూపుడువేలు గుచ్చితే “అబ్బా!” అంది పిన్ని, ఆనందంగా. నడిమివేలు గుచ్చితే ఇంకా గట్టిగా “అమ్మో!” అని, నా వైపు తిరిగి చిన్నపిల్లలా నవ్వింది. బొటనవేలు దగ్గర మాత్రం ఏమీ అనలేదు. ఆయన మళ్లీ చూశారు. మళ్లీ చూశారు.

“రెండు వేళ్లూ వచ్చేశాయమ్మా. ఈ బొటనవేలు మాత్రం ఇక ఇంతే,” అన్నారు, నిజంగా నొచ్చుకుంటూ. “నరం ఎక్కువకాలం నలిగిపోయింది. సూది పట్టుకునే పని మానుకోవాల్సి ఉంటుంది. మీరు మొదట్లోనే వచ్చి ఉంటే ఇదీ దక్కేదమ్మా.”

నేను నోరు తెరిచాను. ఆలస్యం వల్ల కలిగే లాభాల్లో ఈ సందర్భానికి సరిపోయేది ఒక్కటైనా గుర్తుకొస్తుందేమోనని వెతికాను. ఒక్కటీ రాలేదు.

పిన్ని చెయ్యి ఒళ్లోకి తీసుకుంది.

“మొదట్లోనే వచ్చాను బాబూ,” అంది, తలుపు వైపు చూపిస్తూ. “ఆ బయటే ఉన్నాను.”